బురదలో సగం దినం

మళ్లీ ఒరిగింది. ఎడమవైపుకు, వేలెడంతే. గట్టు మీద నిలబడి చూసేవాళ్లకు తెలియనైనా తెలియదు, కానీ సీట్లో కూర్చున్నవాడికి నడుము కింద తెలిసిపోతుంది. సదానందం కుడిచేతి లీవరును ముందుకు నెట్టాడు. ఇంజను గుర్రుమంది, పొక్లెయిన్ తన పొడవాటి ఇనుప చేతిని దించి బకెట్టుతో చెరువు అడుగును అదిమింది, బండి మూలుగుతూ లేచి మళ్లీ నిటారుగా నిలిచింది. నిటారంటే ఏం నిటారు, తాగినవాడు గోడ పట్టుకుని నిలబడ్డంత. ఇక మూడు నిమిషాలు ఫరవాలేదు, మహా అయితే నాలుగు. ఆ తర్వాత మళ్లీ జారుతుంది, మళ్లీ అదమాలి. పొద్దున పది గంటల నుంచి ఇదే పని, ఇప్పుడు రెండు దాటింది. ఆ చెయ్యి ఎత్తే సిలిండర్‌లో సీలు అరిగి నెల దాటింది, నూనె లోలోపలే వెనక్కి జారుతుంది, నొక్కిన చెయ్యి నొక్కినచోట నిలవదు. బండి యజమాని సంతోష్‌రావుకు రెండుసార్లు చెప్పాడు. గీ చెరువు పని కానియ్యి సదన్నా, జూన్‌ల చేపిద్దాం, అన్నాడాయన. జూన్ వచ్చింది, వాన వచ్చింది, సీలు మాత్రం రాలేదు. దిగి గట్టెక్కుదామా అంటే ఆ ముచ్చటా లేదు. లీవరు దగ్గర మనిషి లేకపోతే ఐదు నిమిషాల్లో ఇరవై టన్నుల బండి ఎడమకు దొర్లి ఆ బావిలో పడుతుంది.

ఆ బావి. అసలు సంగతంతా ఆ బావిలోనే ఉంది. చెరువు శిఖంలో, నీళ్లు నిలిచే ఈ అడుగు నేలలో, ఎప్పటిదో పూడిపోయిన మోటబావి ఒకటి ఉందని తనకు తెలియక కాదు, చిన్నప్పుడు దాని గట్టు మీది నుంచి బోర్లా దూకినవాడే. కానీ అది తూము దగ్గర ఉందని కదా జ్ఞాపకం. నలభై ఏళ్ల ఒండ్రు కింద బావి జరగదు, జరిగింది తన జ్ఞాపకమే. మంథని చుట్టుపక్కల ఏ చెరువులో పూడిక తీసినా ఒక పద్ధతి ఉంది: బండి శిఖంలోకి దిగేముందు ఆ ఊరి బెస్తవాళ్లలో పెద్దమనిషి ఒకడు వెదురు గడ పట్టుకుని ముందు నడుస్తాడు, నాలుగడుగులకోసారి గడ దించి చూస్తాడు, ఆయన నడిచిన దారినే బండి నడవాలి. పొద్దున లింగమూర్తి వచ్చాడు. గోచీ బిగించి, గడ భుజాన వేసుకుని, ఎవరూ పిలవకుండానే వచ్చి బండి ముందర నిలబడ్డాడు. లింగమూర్తి పరాయివాడా? చిన్నబాపు. బాపుకు, కన్నతండ్రికి, సొంత తమ్ముడు, డెబ్బై దగ్గరపడ్డ మనిషి. అతను గడ దించి చూసి కుడికి రమ్మని చెయ్యి ఊపితే, తాను ఏం చేశాడు? హారన్ కొట్టాడు. దారిలోంచి గొడ్డును అదిలించినట్టు, ఒకసారి కాదు, మూడుసార్లు. ఛీ. చెవిలో ఆ మోత ఇంకా వినిపిస్తున్నది. చిన్నబాపు ఒక్క మాటా అనలేదు, గడ భుజానికెత్తుకుని గట్టు మీదుగా ఇంటికి పోయాడు. తాను నేరుగా పోనిచ్చాడు. నలభై అడుగులు పోయిందో లేదో ఎడమ చైను కింద నేల లేదు.

మళ్లీ ఒరిగింది. నెట్టాడు. లేచింది.

బెస్తింట్లో పుట్టి చెరువు పోకడ తెలియకపోయెనే అని ఊళ్లో నవ్వుతారు, నవ్వనీ. తొమ్మిదేళ్లుగా ఆ మనిషితో మాటల్లేవు, ఇవాళ గడ పట్టుకుని వస్తే వెంట నడవడానికి మనసొప్పలేదు, అంతే, అంతకు మించి వేరే కారణం లేదు. అక్కడ సౌదీలో, దమ్మాంలో పదమూడేళ్లు చేశాడు తాను, పైకి రొట్టెలా గట్టిగా కనపడే ఉప్పునేలల్లో దిగబడ్డ బండ్లను ఎన్నింటిని తీశాడో, సదానందం ఎక్కిండంటే బండికి ఫికర్ లేదని పాకిస్తానీ ఫోర్‌మెన్ కూడా అనేవాడు. ఆ పేరే కదా యాభై నాలుగేళ్లొచ్చినా ఇంకా సీట్లో కూర్చోబెడుతున్నది. ఈ బండి ఇవాళ బావిలో పడిందంటే ఇక ఇటు పెద్దపల్లి నుంచి అటు నిర్మల్ దాకా తనకు తాళంచెవి ఇచ్చేవాడు ఉండడు. ఆపరేటర్ల మధ్య అట్లాంటి కబురు ఒక్క పూటలో పాకుతుంది. ఇంట్లో కూర్చుని ఏం చేస్తాడు? వల వెయ్యడమూ మరిచిపోయాడు. కళ్లు మండుతున్నాయి. నిన్న పగలూ రాత్రీ రెండు షిఫ్టులు టిప్పర్లు నింపుతూనే ఉన్నాడు, వానలు ముదిరేలోపు పని ఒడగొట్టాలని తొందర, నిద్ర అన్నది లేదు. ఇప్పుడు ఒళ్లంతా సీసం పోసినట్టుంది, రెప్పలను పైకి ఎత్తడం కూడా ఒక పనైపోయింది.

దమ్మాం అనుకోగానే మళ్లీ అదే. ఏది అనుకున్నా అక్కడికే పోతుంది మనసు. మే నెల, మధ్యాహ్నం, భార్య వినోద ఫోను, బాపు పోయిండు, రా. ఆపుండ్రి, నేను వచ్చేదాక ఆపుండ్రి, నేను రాంది ఎత్తొద్దు అని ఫోన్లో చిన్నబాపుకు ఎన్నిసార్లు చెప్పాడు! పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, పనిలో పెట్టుకున్న షేకు దగ్గర, ఉంది, ఆ కఫీలు ఏదో పెళ్లికి రియాద్ పోయాడు, అతని గుమాస్తా కాళ్లు పట్టుకున్నంత పని చేస్తే మర్నాటికి గాని చేతికి రాలేదు. విమానం, హైదరాబాదు, అక్కడి నుంచి కారు, కరీంనగర్ దాటాక డ్రైవరుతో జర తొందర, జర తొందర అని చెప్పి చెప్పి గొంతు పోయింది. మూడోనాడు సాయంత్రం ఇంటి ముందు దిగాడు. ఆ పొద్దునే అయిపోయింది. రెండు దినాలు ఆపినవాళ్లు ఇంకో సగం దినం ఆపలేకపోయారు. సగం దినం! బాపు ముఖం చూడలేదు, బాపు చితికి కొరివి కూడా చిన్నబాపే పెట్టాడు, తనకు మిగిలింది ఏరుకోవడానికి ఎముకలు. మంథనిలో గోదాట్లో కలిపి వచ్చి, పదకొండోనాడు కులం అంతా కూర్చున్నచోట లేచి నిలబడి అన్నాడు: నా బాపు ముఖం నాకు లేకుంట చేసినవ్, కొరివి మీద గంత మోజున్నదా నీకు? ఆ మాట అన్నందుకు తర్వాత ఎన్నో రాత్రులు సిగ్గుపడ్డాడు, కానీ వెనక్కి తీసుకోలేదు. అప్పుడూ చిన్నబాపు ఏమీ అనలేదు. తల వంచుకుని కూర్చున్నాడు. ఏదో ఒకటి అనరాదా మనిషి? తిట్టరాదా? తిడితే కొట్టుకునైనా తేల్చుకునేవాళ్లు. రెండేళ్ల కింద అవ్వ, కన్నతల్లి, పోయినప్పుడు కూడా వచ్చి దూరాన గోడ పక్క నిలబడ్డాడు, ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే ఆమెను సాగనంపారు.

ఒరిగింది. ఈసారి కొంచెం ఎక్కువ. నెట్టాడు.

నీళ్లు క్యాబిన్ మెట్టు దాకా వచ్చాయి. ఎగువన రెండు రోజులుగా వాన, వాగు ఎర్రగా వచ్చి చెరువులో పడుతున్నది, గంటకు జానెడు పెరుగుతున్నది. ఇంకో జానెడో మూరెడో పెరిగితే ఇంజనులోకి పోతుంది, ఇంజను ఆగితే లీవరూ ఉత్తదే. గట్టువైపు, తాటిమొద్దులు పరిచిన చోట, పెద్దపల్లి నుంచి తెప్పించిన రెండో పొక్లెయిన్ నిలబడి ఉంది, దాని మీద రాజం. మంచి ఆపరేటరు, తొందరపడని మనిషి. వచ్చీ రాగానే ఇనుప తాడు పై భాగానికి కట్టి లాగుదామని సంతోష్‌రావు అంటే వినలేదు. పైన గడితే బండి నడుము ఇరుగుతది దొరా, కింది ఫ్రేముకు గడితేనే, అని గట్టిగా చెప్పాడు. కింది ఫ్రేము నాలుగడుగుల నీళ్ల కింద, ఆ నీళ్ల కింద ఇంకో మూడడుగుల బురదలో ఉంది. ఇద్దరు దిగి చూశారు, లోతు లేని గట్టు దగ్గరే నడుముదాకా కూరుకుపోయి అరుపులు, వాళ్లను బయటకు లాగడమే తాడు కట్టడం కంటే ఎక్కువ కష్టమైంది. బురదలో మునిగి, కళ్లు మూసుకుని, చేత్తో తడిమి పనిచేసే మనిషి ఈ ఊళ్లో ఒక్కడే. ఆ సంగతి గట్టు మీద అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనడం లేదు, అందరూ బండివైపు చూస్తున్నారు.

ఫోను మోగింది. వినోద. "మాట్లాడు, మాట్లాడుతునే ఉండు, నిద్ర గుంజుతుంది నన్ను" అన్నాడు సదానందం.

"చిన్నమామ తాన్కి పోయిన" అంది ఆమె. "నిన్నడగలే, అడిగితే వద్దంటవ్. గందుకే అడగకుంటనే పోయిన."

సదానందం లీవరు నెట్టాడు. "ఏమన్నడు?"

"ఏమనలే. అన్నం తింటుండె. చెయ్యి కడుక్కొని లేచిండు."

ఫోను పెట్టేసింది. సదానందం అద్దంలోంచి గట్టు చూస్తూ కూర్చున్నాడు. వస్తే ఏమని పలకరించాలి? చిన్నబాపూ అని పిలవడానికి నోరు తిరుగుతుందా? రాకపోతే? రాకపోతేనే బాగుండును, బండి పోతే పోనీ, ఆ మనిషి ముందు చెయ్యి చాచడం తప్పుతుంది. ఛ, ఏం బుద్ధి ఇది. బండి పోతే రేపు పొద్దున లేచి ఎక్కడికి పోతాడు? గట్టు మీద మనుషులు పక్కకు తప్పుకున్నారు. కొక్కెం ఉన్న ఇనుప తాడు కొసను నడుముకు చుట్టుకుని, తల మీది తువాలు తీసి రాజం చేతికిచ్చి, ముసలాయన నీళ్లలోకి దిగుతున్నాడు. బురదలో నడవడం కూడా ఒక విద్య అని ఆయన్ను చూస్తే తెలుస్తుంది, కాలు దించడు, జరుపుతాడు, పొట్టమీద సగం ఈదుతూ సగం పాకుతూ బండి వెనక భాగానికి చేరాడు. క్యాబిన్ వైపు తలెత్తాడు. తొమ్మిదేళ్ల తర్వాత మొదటి మాట, ఇంజను చప్పుడులో అరిచి చెప్పాడు:

"నేను కిందున్నంత సేపు చెయ్యి జారనియ్యకు!"

మునిగాడు. అప్పటిదాకా ఒళ్లంతా ఉన్న మత్తు ఎటుపోయిందో తెలియదు. కింద ఆ మనిషి ఎక్కడున్నాడు ఇప్పుడు? ఎడమ చైను వెనక కొసకూ బావికీ మధ్య. ఎడమకు జారితే బండి ఆయన మీదుగానే బావిలోకి పోతుంది. ఇందాక జారితే బండి పోతుంది అనుకున్నాడు, ఇప్పుడు జారితే? పావు నిమిషానికోసారి లీవరు తాకుతున్నాడు, మరీ ఎక్కువ నొక్కితే బండి లేచి కుడికి కదులుతుంది, అదీ ప్రమాదమే, గోరంత, గోరంత. లోపల లెక్క పెడుతున్నాడు. ముప్పై. నలభై. యాభై. చిన్నప్పుడు ఇదే చెరువులో ఇదే మనిషి మునిగి మట్టగిడిసలు చేత్తో పట్టి పైకి విసురుతుంటే బాపూ తానూ గట్టున ఏరేవాళ్లు, ఎనభై దాకా లెక్క పెట్టేవాడు తాను, బాపు నవ్వేవాడు, వానికి మొప్పలున్నయి రా అని. డెబ్బై. తేలాడు. దగ్గాడు. "ఇంకో రెండుమాట్ల" అని వేళ్లు చూపించి మళ్లీ మునిగాడు. రెండోసారీ తేలాడు, నోట్లోంచి బురద ఉమ్మేశాడు, రాజం ఇంకొంచెం తాడు వదిలాడు. మూడోసారి మునిగాడు. ఎన్నేళ్లని ఈ మనిషికి, డెబ్బై, డెబ్బైలో ఊపిరి ఎంతసేపు ఆగుతుంది, ఇరవై, ముప్పై, పొద్దున హారన్ కొట్టిన చేత్తోనే ఇప్పుడు ఆయన ప్రాణం పట్టుకుని కూర్చున్నాడు తాను, నలభై, ఎండ అద్దం మీద పడుతున్నది, ఇంజను ఒకే తీరుగా మోగుతున్నది, విమానంలో కూడా ఇట్లాగే మోగింది రాత్రంతా, కిటికీ పక్క సీటు, పక్కన కామారెడ్డి అతను చెల్లె పెళ్లికి పోతున్నానని సంబరంగా చెబుతుంటే విని తలూపాడు తాను, ఎందుకు పోతున్నాడో తాను చెప్పలేదు, చెబితే ఏడుపొస్తుందని, విమానం దిగుతున్నది, ఒక రెక్క కిందికి ఒరిగింది, ఒరుగుతున్నది, ఇంకా ఒరుగుతున్నది,

బండి!

నెట్టాడు. కళ్లు తెరిచాడో తెరవకముందే చెయ్యి నెట్టింది, ఇంజను అరిచింది, గట్టు మీద ఎవరో కేక పెట్టారు, ఎడమకు పోతున్న క్యాబిన్ అక్కడే ఆగి, ఆగి, ఒక్కో వేలు చొప్పున పైకి లేచింది. నీళ్లు సుడి తిరుగుతున్నాయి. మనిషి లేడు. ఎన్ని అంకెలు పోయాయో తెలియదు. చిన్నబాపూ, చిన్నబాపూ, చిన్నబాపూ. అరిచాడో లోపలే అనుకున్నాడో తెలియదు. చంపేశాను, బాపు తమ్ముణ్ణి చంపేశాను, నిద్రపోయి చంపేశాను. లీవరు వదిలి దూకడానికి లేదు, వదిలితే ఇంకొంచెం మిగిలి ఉన్న ప్రాణం కూడా పోతుంది. ఏమీ చెయ్యకుండా చెయ్యి కదలకుండా కూర్చోవడమే ఆయన కోసం చెయ్యగలిగిన పని, అంతకంటే పెద్ద శిక్ష లేదు.

కుడివైపున తల తేలింది. ఎడమన మునిగినవాడు బండి అడుగు నుంచి దూరి కుడివైపు వచ్చాడు. కొక్కెం పడ్డట్టు రాజంకు చెయ్యెత్తి చూపించాడు. గట్టు మీద గోల. ముసలాయన తిరిగి గట్టుకు పోలేదు, పోవడానికి సత్తువ లేదు, చైను పట్టుకుని, మెట్టు పట్టుకుని, క్యాబిన్ తలుపులో ఒరిగి కూర్చున్నాడు. కన్నుల తెలుపు తప్ప అంతా బురద. ఊపిరి తీసుకోవడం చూస్తుంటే సదానందానికే ఛాతీ నొప్పి పెట్టింది.

"కునుకు వడ్డదా?" అన్నాడు లింగమూర్తి.

"పడ్డది."

"నాకెర్కైంది. నా భుజం మీద ఆనింది బండి."

"ఆనినంక పైకి రావద్దా మరి!"

"తాడు సగం దూరింది. మల్లొచ్చి మొదటి నుంచి దూర్చాల్నా?" కోపంగానే అన్నాడు, పని చెడగొట్టినవాడి మీద పనివాడికి వచ్చే కోపం. భుజం చర్మం లేచి నెత్తురు బురదలో కలిసి కారుతున్నది. సదానందం చూశాడు. ఇక ఆగలేదు, తొమ్మిదేళ్లుగా అడగాలనుకున్న మాట, తిట్టులా కాదు, అడుక్కునేవాడిలా బయటకు వచ్చింది.

"గా దినం... సగం దినం ఎందుకాగలే చిన్నబాపూ?"

"కరెంటు లేకుండె రా" అన్నాడు ముసలాయన. "గాలిదుమారం వచ్చి స్తంభాలన్నీ వడ్డయి. పెద్దపల్లికెల్లి పీనుగును సల్లగ ఉంచే అద్దాల పెట్టె తెచ్చినం, కరెంటు లేంది అదేం జేస్తది, ఉత్త పెట్టె. మన బెస్తోళ్ల సొసైటీ రూముల చేపల మంచు ఉండె. దాంట్ల వెట్టినం మీ బాపును. కింద ఊక వోసి, మీద మంచు, మీద తెల్లబట్ట. ఐపోతే మంథనిల దొరికిందంత తెచ్చిన, గోదావరిఖని పోయి తెచ్చిన. చెయ్యి వెట్టి చెయ్యి వెట్టి నా వేళ్లు మొద్దువారినయి. రెండు దినాలు ఆగింది. మూడో దినం పొద్దుగాల యాడా మంచు లేదు. ఎండలు నీకెర్కే. ఇంకో సగం దినం ఆపితే గా ముఖం నువ్వు చూసేటట్టు ఉండకపోవు."

ఇంజను మోగుతూనే ఉంది. సదానందం చెయ్యి దానంతటదే లీవరు నెట్టింది.

"గా మాట నాకు చెప్పకపోతివి. గంత మందిల నేను గంత మాటంటే గూడ..."

"ఎట్ల జెప్తరా? చేపలు వెట్టే మంచుల మీ బాపును వెట్టినమని ఏ నోటితోని చెప్తరు? మీ అవ్వ మా అందరితోని ఒట్టేయించుకున్నది, నీ పెండ్లాంతోని గూడ. వానికి తెలిస్తే ఇగ బతికినన్ని దినాలు గదే కండ్ల మెదుల్తది అన్నది. నన్ను తిడితే తిట్టనియ్యి అని నేనే అన్న. ఇప్పుడామె లేదు." ముఖం మీది బురద తుడుచుకున్నాడు. "గడ్డం మాసి ఉండె. నువ్వొస్తున్నవని నేనే గీసిన. బాగనే ఉండె మా అన్న."

రాజం తువాలు ఎత్తి ఊపాడు. ఇక ఆలోచించడానికి సమయం లేదు, అదే మంచిదైంది. తాడు నీళ్లలోంచి లేచి బిగుసుకుంది, అవతలి బండి వెనక్కి అడుగేసింది, ఇటు సదానందం బకెట్టుతో నేలను తోస్తూ చైన్లు తిప్పాడు. లాగడం ఒకరిది, తోయడం ఒకరిది, రెండూ ఒక్క క్షణంలో కలవాలి, కలవకపోతే తాడు తెగుతుంది. బురద వదలలేదు. మళ్లీ తువాలు. మళ్లీ తోశాడు. కింద ఎక్కడో పెద్ద చప్పుడైంది, బావి నోరు విడిచిన చప్పుడు, ఎడమ చైను పైకి వచ్చింది, బండి ఒక్క కుదుపుతో వెనక్కి, గట్టువైపు జరిగింది, మెల్లమెల్లగా, నీళ్లు కారుతూ, తాటిమొద్దుల మీదికెక్కింది. లింగమూర్తి తలుపు చువ్వ పట్టుకుని దారి పొడవునా అట్లాగే కూర్చున్నాడు. గట్టు మీద ఈలలు, చప్పట్లు. సంతోష్‌రావు ఇద్దరు ముగ్గురిని తోసుకుని ముందుకొచ్చాడు.

సదానందం ఇంజను ఆపాడు. ఆ నిశ్శబ్దం తట్టుకోలేకపోయాడు. మెట్టు దిగి చైనుకు ఆనుకుని అక్కడే కూలబడ్డాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత నోరు తెరుచుకుంది. అంత గట్టిగా, అంత వికారంగా ఒక మగవాడు ఏడవడం గట్టు మీద వాళ్లెవరూ చూసి ఉండరు. ఊక, మంచు, తెల్లబట్ట, గీసిన గడ్డం. బాపు ముఖం ఇప్పుడు కనిపిస్తున్నది, కనిపించి పోవడం లేదు.

"అరె, బండి బయటవడ్డది గద సదన్నా! గీత కూడ వడలే దానికి" అన్నాడు సంతోష్‌రావు, వంగి అతని భుజం తడుతూ. "గిప్పుడెందుకు ఏడుస్తున్నవే?"

లింగమూర్తి ఆయన చెయ్యి తీసి పక్కకు జరిపాడు.

"ఏడ్వనియ్యి దొరా" అన్నాడు. "వాని బాపు పోయిండు."